వేలు పెట్టి చూడాలి

పరాయి వ్యవహారాల్లో వేలు పెట్టకూడదని చిన్నప్పుడు అందరికీ పెద్దవాళ్ళు చెప్పే ఉంటారు. నాకూ చెప్పారు. నలభై దాటి, నాలుగైదు నవలలు రాసి, లోకానికి నీతులు చెప్పేపాటి ధైర్యం వచ్చాక, కొన్నిచోట్ల వేలు పెట్టకపోవటమే తప్పని నాకు తెలిసింది. ఆ పాఠం చెప్పింది గురువూ కాదు, గ్రంథమూ కాదు. జానెడు పళ్ళెంలో ఉన్న మూరెడు మర్రిచెట్టు. ఇంకా నిజం చెప్పాలంటే, ఆ చెట్టు మొదట్లో మట్టిమీద పట్టిన పాచి.

పాచి మీద కూడా వ్యాసమా అని మీకు నవ్వు రావచ్చు. ఆ మాటంటే మనకెంత లోకువో చూడండి. పాచి ముఖం, పాచి పళ్ళు, పాచిపని. పొద్దున్నే కడిగి పారెయ్యవలసిన వాటన్నిటికీ అదే పేరు. నేనూ కడిగి పారేద్దామనే మొదలుపెట్టాను. అక్కడే వచ్చింది తంటా.

ఆ చెట్టు మా నాన్నది. ఉప్పల్ పారిశ్రామికవాడలో ముప్ఫై ఏళ్ళు పనిచేసి 2001లో రిటైరయ్యారు నాన్న. ఆ ఏడే మా ఉప్పల్ ఇంటి పిట్టగోడ పగులులో ఒక మర్రిమొలక కనిపించింది. ఏ కాకో, ఏ గోరింకో పండు తిని విత్తనం అక్కడ వదిలిపోయి ఉంటుంది. గోడలో మర్రి మొలిస్తే ఎవరైనా ఏం చేస్తారు? పీకి పారేస్తారు. ఉంచితే అది గోడను చీలుస్తుంది. నాన్న పీకారు గానీ పారెయ్యలేదు. ఎర్రమట్టి, ముతక ఇసుక, చితక్కొట్టిన ఇటుక ముక్కలు, కాస్త పశువుల ఎరువు కలిపి, లోతు తక్కువ పళ్ళెంలో నాటారు. బోన్సాయ్ అంటే జపాను భాషలో పళ్ళెంలో నాటిన మొక్క అనే అర్థం. మనవాళ్ళు వామన వృక్షం అన్నారు. మాట మనదే బాగుందనిపిస్తుంది నాకు. వామనుడు పొట్టివాడే గానీ చిన్నవాడు కాడు కదా!

ఇరవైరెండేళ్ళు పెంచారు. 2023 డిసెంబరులో నాన్న పోయారు.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పుకోవాలి. మేముండేది నాచారంలో. ఉప్పల్‌కీ మాకూ మధ్య ఐదారు కిలోమీటర్లు. 2017 నవంబరులో మెట్రో వచ్చాక దారి దూరమనే సాకు కూడా లేదు. హబ్సిగూడలో ఎక్కితే ఎన్.జి.ఆర్.ఐ., స్టేడియం, ఆ తరువాత ఉప్పలే. అయినా నాన్న మంచాన పడ్డ ఆఖరి మూడు నెలల్లో నేను వెళ్ళింది లెక్కపెడితే ఐదుసార్లు. అప్పుడు నా సీరియల్ ఒకటి ఆఖరి భాగాల్లో ఉంది. అందులో కథానాయిక మంచం పట్టిన తండ్రికి సేవ చేస్తుంది. ఆ భాగాలు చదివి ఏడ్చామని చాలామంది ఫోన్లు చేశారు. ఆ ఫోన్లు ఎత్తటానికి నాకు తీరిక ఉండేది.

దినాలు అయిపోయాక అమ్మనూ చెట్టునూ ఒకే ఆటోలో నాచారం తెచ్చేశాను. పళ్ళెం అమ్మ ఒళ్ళో పెట్టుకుంది. “ఒక్కదానివే ఎట్లా ఉంటావమ్మా?” అన్నాను. అది ప్రశ్న కాదని ఇద్దరికీ తెలుసు. “నీ ఇష్టం బిడ్డా” అంది అమ్మ.

ఎన్.టి. రామారావుగారు తన స్టూడియో పేరులో ‘హార్టీకల్చరల్’ అన్న మాట చేర్చి కట్టుకున్న నాచారంలో, మా వంతుకు వచ్చిన తోట మూడో అంతస్తు బాల్కనీ. అక్కడ చెట్టును పెట్టి సేవ ప్రారంభించాను. పొద్దున ఒక చెంబు, సాయంత్రం ఒక చెంబు నీళ్ళు. మధ్యాహ్నం బియ్యం కడిగిన నీళ్ళు. మట్టి గరుకుగా ఉందని పైన కొబ్బరిపొట్టు మెత్తగా పరిచాను. బలానికి ఎరువు గుళికలు. ఎండ తగిలితే కందిపోతుందేమోనని నీడపట్టుకు జరిపాను. లోపల అమ్మకూ అంతే. కూర తరగబోతే కత్తిపీట లాక్కున్నాను. చీపురు ముట్టుకుంటే, “ఇంకా ఎందుకమ్మా నీకు ఈ పనులు, కూర్చో” అన్నాను. గంటకోసారి పాలో, పండ్లో, మాత్రలో ఇచ్చాను.

నెల తిరగకుండానే మట్టిమీద పచ్చటి పొర పట్టింది. నేను సంబరపడ్డాను. పచ్చగా ఉంటే మంచిదే అనుకున్నాను. నేను చదివింది బి.ఏ., చరిత్ర, తెలుగు. కవుల దగ్గర నేర్చుకున్న వృక్షశాస్త్రం అంతవరకే వస్తుంది. “నాచారంలో నాచు పట్టకపోతే ఇంకేం పడుతుందోయ్!” అన్నారు మావారు పేపరు చాటునుంచి.

ఆ తరువాత మర్రి ఆకులు ఒక్కొక్కటే పసుపుపచ్చబడి రాలటం మొదలయింది.

మా అమ్మాయి బి.ఎస్సీ.లో బోటనీ చదువుతోంది. పళ్ళెం చూసి తల పట్టుకుంది. “అమ్మా, ఇవి శైవలాలు. వీటికి కావలసినవి మూడే. వెలుతురు, ఆరని తడి, తిండి. మూడూ నువ్వే సమకూర్చావు” అంది. అంతటితో ఆగితే బాగుండేది. నేలమీది మొక్కలన్నీ ఒకనాటి ఆకుపచ్చ శైవలాల సంతతేననీ, సుమారు 47 కోట్ల సంవత్సరాల కిందట ఆ వంశం నీళ్ళు వదిలి నేలకెక్కిందనీ కూడా చెప్పింది. “అంటే ఈ పాచి నీ మర్రిచెట్టుకు అవ్వల అవ్వ. ముసలావిడ మనవరాలి ఇంటికి చూడ్డానికి వచ్చింది, అంతే!” అంది నవ్వుతూ.

అవ్వ అయినా సరే, ఇల్లు పాడుచేస్తే ఊరుకుంటానా? ఆదివారం పొద్దున్నే ఒక చెంచా, పాత టూత్‌బ్రష్షు తీసుకుని కూర్చున్నాను. మట్టిమీద, పళ్ళెం అంచుల్లో, చెట్టు మొదట్లో ఎక్కడ పచ్చదనం కనబడితే అక్కడ గీకేశాను. గంట తరువాత పళ్ళెం కొత్త పెళ్ళికూతురిలా తళతళలాడింది. అమ్మ బాల్కనీ గుమ్మం దగ్గరకు వచ్చి చూసింది. చాలాసేపు ఏమీ అనలేదు. ఆఖరికి మెల్లిగా అంది.

“ఆ మొదట్ల ఉన్నది పాచి గాదు బిడ్డా. మీ నాయిన పెంచిన నాచు. పదేండ్ల సంది పెంచిండు.”

గీకిన చెత్త పేపర్లో ఉంది. వేలితో కెలికి చూశాను. పాచి జారుడుగా, జిగటగా ఉంది. దానితో కలిసి సన్నసన్నటి ఆకులతో మఖమలు ముక్కల్లాంటివి ఉన్నాయి. వేళ్ళ సందుల్లో అంగుళం అంగుళం చొప్పున నాన్న కూర్చిన పచ్చటి గుడ్డను, ఆయన జ్ఞాపకం కాపాడుతున్నాననుకుంటూ, నా చేతులతోనే పళ్ళు తోముకునే బ్రష్షుతో ఊడబెరికాను.

జపానులో క్యోటో నగరంలో సైహోజి అనే బౌద్ధాలయం ఉంది. ‘నాచు గుడి’ అంటే అందరికీ తెలుస్తుంది. 1339లో ముసో సొసెకి అనే సన్న్యాసి ఆ తోటను తీర్చిదిద్దాడు. ఇప్పుడక్కడ 120 రకాల దాకా నాచులు తివాచీ పరిచినట్టు ఉంటాయి. ఆ నాచు ఆయన వేసింది కాదు. తరువాతి శతాబ్దాల్లో ఆలనా పాలనా చూసేవాళ్ళు లేక ఆలయం పడి ఉన్నప్పుడు దానంతట అది పరుచుకుంది. మళ్ళీ మనుషులు వచ్చి చూసినప్పుడు, ఎవరో ఒకరు ‘ఆగండి, దీన్ని గీకకండి’ అని ఉండాలి కదా. ఆ మనిషి పేరు నాకు తెలియదు గానీ, ఆదివారంనాడు మా బాల్కనీలో అటువంటివాళ్ళు ఒకరుంటే ఎంత బాగుండేది అనుకున్నాను. తరువాత గుర్తొచ్చింది, ఉన్నారు. లోపలి గదిలో. నేను పిలవలేదు.

వారం తిరిగేసరికి పాచి మళ్ళీ వచ్చింది. నాచు రాలేదు.

ఇక లాభం లేదని పళ్ళెం తీసుకుని, ఉప్పల్ దాటాక వరంగల్ రోడ్డు పక్కన ఉన్న ఒక నర్సరీకి వెళ్ళాను. అక్కడి పెద్దమనిషి పళ్ళెం అందుకుని మట్టి వాసన చూశాడు. అడుగున కన్నాలు చూశాడు.

“రోజు నీళ్ళు పోస్తున్నరా అమ్మా?”

“రెండుసార్లు” అన్నాను గర్వంగా.

“చెట్టు అడిగిందా?”

నేను మాట్లాడలేదు. ఆయన ఒక పుల్లతో పాచి పెచ్చు లేపి చూపించాడు. పైన తడి, జిగట. కొబ్బరిపొట్టు ముద్దగట్టి, కింద వేళ్ళకు గాలి ఆడక నల్లబడ్డాయి. పైపొర తీసేసి ముతక ఇసుక, ఇటుక రజను వెయ్యమన్నాడు. కన్నాలు తెరిచి, పళ్ళెం కింద రెండు ఇటుకలు పెట్టి నీరు కారనివ్వమన్నాడు. పొద్దుటి ఎండ, గాలి తగలనివ్వమన్నాడు. ఎరువూ, బియ్యం కడిగిన నీళ్ళూ ఆపెయ్యమన్నాడు. “పాచికి ఏ మందు కొట్టాలి?” అని అడిగాను.

“మందెందుకమ్మా? పాచి చెట్టును తినది. పాచి మీకు చెప్తది, అంతే. తడి ఎక్కువైందని చెప్తది.”

ఈ మాట విన్నప్పుడు నాకు మన మూసీనది గుర్తొచ్చింది. హైదరాబాదు దగ్గర మూసీలో ఉండే శైవలాలను, నీటి కాలుష్యానికీ వాటికీ ఉన్న సంబంధాన్ని పరిశీలించి వి. వెంకటేశ్వర్లు అనే శాస్త్రజ్ఞుడు రాసిన పరిశోధన 1969లో ‘హైడ్రోబయాలజియా’ అనే అంతర్జాతీయ పత్రికలో అచ్చయింది. ఏ నీట్లో ఏ జాతి పాచి పెరుగుతున్నదో చూసి ఆ నీరు ఎంత చెడిందో అంచనా కట్టవచ్చు. అంటే పాచి దోషి కాదు, సాక్షి. మనం దోషిని వదిలేసి సాక్షిని గీకి పారేస్తుంటాం. నా పళ్ళెంలో అది ఎవరిమీద సాక్ష్యం చెబుతున్నదో నాకు అప్పటికే అర్థమయింది.

ఇంటికి వచ్చి ఆయన చెప్పినట్టే చేస్తుంటే అమ్మ పక్కన పీట వేసుకుని కూర్చుంది. ఇసుక అయిపోయాక నేను అలవాటు కొద్దీ చెంబు ఎత్తాను. అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

“మీ నాయిన ముందుగాల మట్టిల వేలు పెట్టి చూస్తుండె. ఒక కణుపు లోతు. తడి తగిల్తే చెంబు పక్కకు పెడ్తుండె.”

“మరి ఇన్నాళ్ళూ నాకెందుకు చెప్పలేదమ్మా?”

“నువ్వు అడగలే గద బిడ్డా.”

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మూడు నెలలుగా అమ్మ నా ఇంట్లో ఏమయిందో అప్పుడు ఆలోచించాను. ఉప్పల్ ఇంట్లో పని చేసుకుంటూ ఏదో ఒక పాట కూనిరాగం తీస్తూ ఉండేది. ఇక్కడ ఆ రాగం ఒక్కసారి కూడా వినలేదు. పగలంతా పడుకునేది. అన్నం సగం వదిలేసేది. నేను దాన్ని దుఃఖం అనుకుని ఇంకో గ్లాసు పాలు ఇచ్చేదాన్ని.

చనిపోయినవాళ్ళకు పడిన బాకీని బతికి ఉన్నవాళ్ళకు తీర్చవచ్చా? ఇదీ నా ప్రశ్న. తీర్చవచ్చనే మనం నమ్ముతాం. తండ్రికి చెయ్యనిది తల్లికి చేస్తాం, తల్లికి చెయ్యనిది అత్తకు చేస్తాం. మంచిదే. చెయ్యకపోవటం కంటే చెయ్యటం మేలే. కానీ బాకీ తీర్చేవాడి కన్ను ఎప్పుడూ తన పద్దు పుస్తకం మీదే ఉంటుంది. ఎదుటివాడి దాహం మీద ఉండదు. నేను పోసిన ప్రతి చెంబూ నా ఖాతాలో జమ. చెట్టుకు అది కావాలా వద్దా అన్నది నాకు పట్టలేదు.

ఉదాసీనతకూ అతిసేవకూ ఎంతో దూరం ఉందనుకుంటాం. ఉప్పల్‌కీ నాచారానికీ ఉన్నంత దూరం కూడా లేదు. నాన్న మంచంలో ఉన్నప్పుడు నేను ఆయన్ని చూడలేదు, నా సీరియల్‌ని చూసుకున్నాను. అమ్మ మా ఇంటికి వచ్చాక అమ్మను చూడలేదు, నా తప్పును చూసుకున్నాను. రెండుసార్లూ చూడకపోవటం ఒకటే.

హిరోషిమాలో ఒక బోన్సాయ్ పైన్ చెట్టు ఉండేది. యమాకి అనే కుటుంబానిది. 1625 నుంచి తరతరాలుగా పళ్ళెంలోనే పెరిగింది. 1945 ఆగస్టు 6న అణుబాంబు పడినచోటికి సుమారు మూడు కిలోమీటర్ల దూరంలో ఉండి కూడా బతికింది. 1976లో యమాకి దాన్ని అమెరికాకు బహుమతిగా ఇచ్చాడు. వాషింగ్టన్‌లో దాన్ని పెంచేవాళ్ళకు దాని కథ 2001 దాకా తెలియదు. ఆ ఏడు ఆయన మనవలు చూడటానికి వచ్చి చెబితే తెలిసింది. అంటే పాతికేళ్ళపాటు ఆ చెట్టుకు ఎవరూ జాలితో నీళ్ళు పొయ్యలేదు. ఎప్పుడు కావాలో చూసి పోశారు. అణుబాంబును తట్టుకున్న చెట్టు నాలాంటిదాని జాలిని తట్టుకునేదో లేదో!

మన పాలమూరులో పిల్లలమర్రి ఉంది కదా, 700 ఏళ్ళ నాటిదంటారు, మూడెకరాలు పరుచుకున్నది. 2018లో దానికి చెదలు పట్టినప్పుడు, ఆస్పత్రిలో రోగికి సెలైను పెట్టినట్టు కొమ్మలకు మందు సీసాలు కట్టి ఎక్కించారు. ఆ ఫోటోలు అన్ని పత్రికల్లోనూ వచ్చాయి. అంత మహావృక్షానికి ఇచ్చింది చుక్కలు. మూరెడు చెట్టుకు నేను పోసింది చెంబులు.

బోన్సాయ్ పెంచటమే క్రూరమని, చెట్టును జైల్లో పెట్టటమని కొందరంటారు. మా అమ్మాయి కూడా అంటుంది. ఆ తగవు నేను తీర్చలేను. ఒక్కటి మాత్రం అర్థమయింది. నేలమీది మర్రికి నీళ్ళు చాలకపోతే వేరు చాపి వెతుక్కుంటుంది. ఎక్కువైతే ఇంకో దిక్కుకు తప్పుకుంటుంది. పళ్ళెంలోని మర్రికి ఆ స్వతంత్రం లేదు. పోసినవాళ్ళు పోసినంతా తాగాలి, లేకపోతే కుళ్ళాలి. వద్దనటం దానికి రాదు. అంచేత మనల్ని వద్దనలేని వాళ్ళకు మేలు చేసేటప్పుడు, అడగవలసిన బాధ్యత రెట్టింపు అవుతుంది. సొంత ఇల్లు, సొంత వంటిల్లు, ఇరుగుపొరుగు వదిలేసి కూతురి మూడో అంతస్తులోకి వచ్చిన తల్లి “నీ ఇష్టం బిడ్డా” అంటే, అది ఒప్పుకోలు కాదు. పళ్ళెంలోని చెట్టు మౌనం.

తెలుగులో ఒక చిత్రం ఉంది. చేతి వేలుకూ చెట్టు వేరుకూ బహువచనం ఒకటే, వేళ్ళు. ఈ భాషలో నవలలు రాస్తూ ఇన్నేళ్ళుగా ఆ సంగతి నేను గమనించనే లేదు.

మర్నాడు కాఫీ తాగుతూ, జవాబు నేనే చెప్పేయకుండా అడిగాను. “అమ్మా, నీకెక్కడ ఉండాలని ఉంది?”

అమ్మ వెంటనే చెప్పలేదు. అడిగింది నిజంగానేనా అన్నట్టు నా ముఖం చూసింది. “ఉప్పల్ల ఉంటా. ఆదివారం రా. పానం బాగలేకుంటే నేనే ఫోన్ చేస్తా” అంది. నాకు ఎక్కడో గుచ్చుకుంది, దాచటం ఎందుకు? నా సేవ వద్దన్నందుకు గుచ్చుకుంది. ఆ గుచ్చుకోవటాన్ని బట్టే ఆ సేవ ఎవరికోసమో తెలిసిపోయింది.

వేసవి రాకముందే వెళ్ళిపోయింది. ఆటోలో పళ్ళెం మళ్ళీ అమ్మ ఒళ్ళోనే. చెట్టు పూర్తిగా కోలుకోలేదు. ఎడమ కొమ్మ ఒకటి ఎండిపోయింది, అది ఇక చిగురించదు. మిగతావాటికి తొలకరికి ఎర్రటి మొగ్గలు విచ్చుకుని కొత్త ఆకులు వచ్చాయి. వానలు పడ్డప్పుడు ఒక మూల కాస్త పాచి కడుతుంది. గీకనా అని అడిగితే, “వానకు వస్తది, ఎండకు పోతది, ఉండనీ” అంది అమ్మ. నాన్న నాచు మాత్రం మళ్ళీ రాలేదు. గోడల ఉత్తరపు వైపు వెతికి చిన్న ముక్క తెచ్చి అంటించాను. పడుతుందో లేదో, పదేళ్ళ పని అది.

నాన్న బాకీ కూడా తీరలేదు. అది తీరేది కాదని ఇప్పుడు ఒప్పుకున్నాను. ఒప్పుకున్నాక అమ్మకు కాస్త ఊపిరి ఆడుతున్నట్టుంది.

మొన్న ఆదివారం వెళ్ళేసరికి అమ్మ వంటింట్లో ఉంది. కూనిరాగం వీధి గుమ్మంలోకే వినబడింది. నేను తిన్నగా పళ్ళెం దగ్గరకు వెళ్ళి, చూపుడువేలు మట్టిలో పెట్టి చూశాను. ఒక కణుపు లోతులో చల్లగా తడి తగిలింది. చెంబు పక్కన పెట్టాను.

“నిన్ననే పోసిన. నువ్వు కూసో, చాయ్ పెడ్త” అంది అమ్మ లోపలినుంచి.

నీకెందుకమ్మా శ్రమ, నేను పెడతానులే అనబోయి, కూర్చున్నాను.